నవంబరు 1: ఒకే తేదీన జరిగిన చారిత్రక ఘట్టములు

బెంగుళూరు నుండి హోసూరు పోవు రాజమార్గముపై, ఆనేకల్లు తాలూకాలో, చందాపుర యను ఊరు గలదు. ప్రతి సంవత్సరము నవంబరు 1వ తేదీ ఉదయమున ఈ ఊరి కూడలియందును, ఆటోలు నిలుచు తావులందును, చెంతనున్న బొమ్మసంద్ర, అత్తిబెలె కర్మాగారముల వాకిళ్ళయందును పసుపు, ఎరుపు వన్నెల జెండాలు ఎగురుచుండును. అది కన్నడ రాజ్యోత్సవ దినము. అదే ఉదయమున, అదే ఊరిలో కాపురముండు తెలుగు కుటుంబములలోని పెద్దలు ఆంధ్రప్రదేశ్ అవతరణ దినమును తలచుకొందురు. రాష్ట్రములు రెండు, భాషలు రెండు, తేదీ మాత్రము ఒకటి. కన్నడ బడిలో చదువుకొని ఇంట తెలుగు మాట్లాడు పిల్లవాడు ఈ రెండు పండుగలును ఒకనాడే యెట్లు వచ్చెనని అడిగినచో ఒక్క మాటలో చెప్పుట కష్టము. ఈ తేదీకి వెనుక ఒకటిన్నర శతాబ్దముల కథ యున్నది.

ఒకే తేదీన జరిగిన సంఘటనలనన్నిటిని ఒక త్రాట కట్టి చూపుట పంచాంగకర్తలకును, పత్రికలకును పరిపాటి. అయితే అట్టి సామ్యములన్నియు ఒక జాతివి కావు. 1755 నవంబరు 1న పోర్చుగల్ రాజధానియగు లిస్బన్ నగరము భూకంపముచే నేలమట్టమైనది. 1897 నవంబరు 1న దేవులపల్లి కృష్ణశాస్త్రి జన్మించెను. ఈ రెంటికిని సంబంధమేమియు లేదు. అది కేవలము కాకతాళీయము. కాని 1956లో ఆంధ్రప్రదేశ్, మైసూరు, కేరళ రాష్ట్రములు ఒకే దినమున రూపొందుట కాకతాళీయము కాదు. అవి ఒకే శాసనము కన్న బిడ్డలు. ఇక 1973లో మైసూరునకు కర్ణాటకమను పేరు వచ్చుటకును, 2014లో బెంగుళూరు పేరు మారుటకును అదే తేదీని కావలెనని ఎంచుకొనిరి. యాదృచ్ఛికముగా కలిసినవి, ఒక చట్టముచే కలిసినవి, కోరి కలిపినవి అను ఈ భేదము తెలియనిచో తేదీల పట్టిక వినోదమే గాని చరిత్ర కాజాలదు.

ఈ తేదీ భారతదేశ పరిపాలనా చరిత్రలో మొదట ప్రసిద్ధికెక్కినది 1858లో. కాళయుక్తి నామ సంవత్సరమది. ఆ యేడు నవంబరు 1న అలహాబాదు దర్బారులో కానింగు ప్రభువు విక్టోరియా రాణి ప్రకటనమును చదివెను. దానితో ఈస్టిండియా కంపెనీ యేలుబడి ముగిసి, దేశము నేరుగా బ్రిటిషు సింహాసనము క్రిందికి పోయినది. స్వదేశ సంస్థానముల నిక ఆక్రమింపబోమనియు, మత విషయములలో జోక్యము కలిగించుకొనబోమనియు ఆ ప్రకటనము వాగ్దానము చేసినది. మొదటి వాగ్దానము తెలుగు వారికి ఒక విచిత్రమైన ఫలమునిచ్చినది. ఉత్తర సర్కారులు, దత్త మండలములు మద్రాసు గవర్నరు క్రిందను, తెలంగాణము నిజాము క్రిందను ఏ విభజనతో నుండెనో ఆ విభజనయే ఇంచుమించు తొంబది యేండ్లు స్థిరపడిపోయినది. 1831 నుండి బ్రిటిషు కమిషనర్ల చేతనున్న మైసూరు మరల ఒడయార్ల వంశమునకు 1881లో అప్పగింపబడుటకును ఈ విధానమార్పే తోడ్పడినదని చెప్పవచ్చును. 1858 నవంబరు 1న చల్లారిన మూసవలె గట్టిపడిన ఎల్లలు పగిలినది సరిగా తొంబది యెనిమిదేండ్లకు, మరల నవంబరు 1ననే. ఇది మాత్రము కాకతాళీయమే.

ఆ ఎల్లలను పగులగొట్టిన భాషోద్యమములు ఇరుగుపొరుగు నేలలలో ఇంచుమించు ఒక కాలముననే పెరిగినవి. ధారవాడలో కర్ణాటక విద్యావర్ధక సంఘము 1890లో నెలకొన్నది. తెలుగువారి ప్రథమ ఆంధ్ర మహాసభ 1913లో బాపట్లలో జరిగినది. కన్నడిగులకు ఆలూరు వెంకటరావు ఎట్టివాడో, తెలుగువారికి కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు అట్టివారు. రాయలసీమ వారి సందేహములు తీర్చుటకు 1937 నవంబరు 16న శ్రీబాగు ఒడంబడిక కుదిరినది. కన్నడ సీమ ఐదు పరిపాలనల క్రింద చీలియుండెను. తెలుగు సీమ ప్రధానముగా రెంటి క్రింద నుండెను. కావున తెలుగువారి పని సులభమని పైకి తోచును. మద్రాసు నగరపు చిక్కు దానిని దుర్ఘటము చేసినది.

1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి యింట పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష ప్రారంభించి, డిసెంబరు 15వ తేదీ రాత్రి ప్రాణములు విడిచెను. నాలుగు దినముల పిమ్మట, డిసెంబరు 19న, ఆంధ్ర రాష్ట్రము నేర్పరచెదమని ప్రధాని నెహ్రూ ప్రకటించెను. మరుసటి సంవత్సరము కన్నడ రాష్ట్రమునకై హుబ్బళ్ళి సీమలో అదరగుంచి శంకరగౌడ పాటీలు నిరాహార దీక్ష పూనెను. ఒకరి త్యాగము పొరుగువారికి మార్గము చూపుట ఈ రెండు భాషల చరిత్రలో క్రొత్త కాదు. నాటి మద్రాసు ముఖ్యమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారి జన్మస్థలము హోసూరు తాలూకాలోని తొరపల్లి యని ఇచ్చట గుర్తుచేయుట అప్రస్తుతము కాదు. చందాపురకు కొద్ది మైళ్ళ దూరముననున్న ఆ సీమ తెలుగు, తమిళ, కన్నడములు మూడును కలిసి వినవచ్చు సీమ. ఆంధ్రులు తనను వీడిపోవు కాలమున మద్రాసును ఏలినవాడు అట్టి నేలలో పుట్టినవాడగుట చరిత్రలోని చమత్కారములలో నొకటి.

ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా వెలసినది. టంగుటూరి ప్రకాశము ముఖ్యమంత్రి, చందూలాల్ త్రివేది గవర్నరు. ఆ దినముననే మరియొక సంగతి జరిగినది. దానిని తెలుగువారి వ్యాసములు సాధారణముగా ఒక వాక్యముతో దాటవేయును. అవిభక్త బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు రాగా, మిగిలిన తాలూకాలు ఆనాడే మైసూరులో చేరినవి. బళ్ళారి తాలూకా ఎవరికి చెందవలెనను తగవును విచారించిన న్యాయమూర్తి మిశ్రా గారు దానిని మైసూరునకే యిచ్చిరి. కావున 1953 అక్టోబరు 1 కర్నూలులో రాష్ట్రావతరణము. బళ్ళారిలో కన్నడిగులకు పండుగ. అచ్చటి తెలుగువారికి మాత్రము వేరొక విధమైన దినము. ఒకే తేదీ ఒకే ఊరిలో రెండు ఇండ్లకు రెండు అర్థములిచ్చుట బళ్ళారిలో ఆనాడు కనబడినంత స్పష్టముగా మరెచ్చటను కనబడి యుండదు. తుంగభద్రా జలాశయము రెండు రాష్ట్రములకును అవసరమైనది గనుక దాని నిర్వహణకు తుంగభద్రా బోర్డు ఏర్పడినది. నేల పంచుకొన్నవారు నీటిని కూడి వాడుకొనక తప్పలేదు.

తరువాతి యేడు, జయ నామ సంవత్సరమున, నవంబరు 1 మొదటిసారిగా తెలుగు గడ్డను నేరుగా తాకినది. గోదావరి తీరమున ముప్పది చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల యానాము ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. చుట్టును ఆంధ్ర రాష్ట్రము; నడుమ ఫ్రెంచి పతాకము. 1954 జూన్ 13న దడాల రఫేలు రమణయ్య నాయకత్వమున స్వాతంత్ర్యవాదులు యానాము పరిపాలనను చేపట్టిరి. పిమ్మట అక్టోబరు 18న పుదుచ్చేరి చెంత కీళూరులో ప్రజాప్రతినిధుల సభ జరిగి, 178 మందిలో 170 మంది భారతదేశములో విలీనమునకు సమ్మతించిరి. అక్టోబరు 21న ఢిల్లీలో ఒప్పందము వ్రాయబడినది. నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాములు భారత పరిపాలనలోనికి వచ్చినవి. నెత్తురు చిందకుండ అధికారపత్రములు చేతులు మారినవి.

అదే దినమున, అదే ఫ్రాన్సు దేశమునకు, మధ్యధరా సముద్రపు ఆవలి యొడ్డున వేరొక అనుభవము కలిగినది. 1954 నవంబరు 1వ తేదీ అర్ధరాత్రి దాటగానే అల్జీరియాలో జాతీయ విమోచన కూటమి పలుచోట్ల దాడులు సాగించెను. అట్లు మొదలైన యుద్ధము ఏడేండ్లకు పైగా సాగి, లెక్కకు మిక్కిలి ప్రాణములను బలిగొన్నది. ఒక వలసరాజ్యము ఒకనాడే తన చేతిలోని ఒక గడ్డను సంతకముతో విడిచినది, వేరొక గడ్డను తుపాకితో పట్టుకొనజూచినది. ఈ రెండును పరస్పరము సంబంధించినవి. పుదుచ్చేరి విలీనమునకు 1956 మే 28న సంధిపత్రము వ్రాయబడినను ఫ్రెంచి పార్లమెంటు దానిని వెంటనే ఆమోదింపలేదు. అల్జీరియా చిక్కు తెగువరకు వలసలను వదలుకొను పత్రమేదియు ఆ సభలో సులభముగా సాగునది కాదు. 1962 జూలై 5న అల్జీరియా స్వతంత్రమైనది. ఆ సంవత్సరమే ఆగస్టు 16న యానాము చట్టప్రకారము భారతదేశముదైనది. అనగా యానాములోని తెలుగువాడు ఎనిమిదేండ్లు వాస్తవమున భారతీయుడై, చట్టమున ఫ్రాన్సుతో ముడి తెగనివాడై యుండెను. అల్జీర్సు వీధులలోని కథ ముగియనిదే గోదావరి యొడ్డునున్న చిన్న పట్టణపు కథ ముగియలేదు.

యానాము ఆంధ్రలో ఎందుకు కలియలేదని ఇప్పటికిని అడుగువారు గలరు. దానికి జవాబు ఆ సంధిపత్రములోనే యున్నది. 1954 నవంబరు 1కి పూర్వము ఆ స్థావరములకు గల ప్రత్యేక పరిపాలనా ప్రతిపత్తి నిలుచుననియు, రాజ్యాంగపరమైన మార్పేదైనను ప్రజాభిప్రాయము తెలిసికొనిన పిమ్మటనే చేయవలెననియు అందు వ్రాయబడినది. ఇట్లు ఒక తేదీ అంతర్జాతీయ సంధిలో కొలమానమై నిలిచినది. 1963లో పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతము కాగా యానాము అందులోని భాగమైనది. నేటికిని అట్లే యున్నది.

ఇక ముఖ్యమైన 1956 సంవత్సరమునకు రావలెను. ఫజల్ అలీ అధ్యక్షుడుగా, హృదయనాథ కుంజ్రూ, కె. ఎం. పణిక్కరు సభ్యులుగా నేర్పడిన రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ సంఘము 1955 సెప్టెంబరు 30న తన నివేదికను సమర్పించెను. ఈ నివేదిక యథాతథముగా అమలు జరిగియుండినచో నవంబరు 1 స్వరూపమే వేరుగా నుండెడిది. తెలంగాణమును ప్రత్యేక రాష్ట్రముగా నుంచి, 1961 ప్రాంతమున జరుగు సామాన్య ఎన్నికల పిమ్మట అచ్చటి శాసనసభలో మూడింట రెండు వంతులవారు కోరినచో ఆంధ్రలో కలుపవచ్చునని ఆ సంఘము చెప్పినది. తుంగభద్రను దృష్టియందుంచుకొని బళ్ళారి, హోస్పేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రకు ఇమ్మనినది. తెలుగు మాట్లాడువారే హెచ్చుగానున్న కోలారు జిల్లాను మాత్రము కర్ణాటకములోనే యుంచుమనినది. జరిగినది చూడగా, తెలంగాణము వెంటనే కలిసినది, బళ్ళారి రాలేదు, కోలారు కదలలేదు.

తెలంగాణము కలియుటకు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుష్యుల ఒప్పందము ఆధారము. ఆంధ్ర పక్షమున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ పక్షమున బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె. వి. నరసింగరావు దానిపై చేవ్రాలు చేసిరి. మిగులు ఆదాయము, ఉద్యోగములు, విద్యావకాశములు, ప్రాంతీయ మండలి మొదలగువానిని గూర్చి అందు కట్టుబాట్లు గలవు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతము వాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతము వాడు కావలెనని కూడ నున్నది. నవంబరు 1న సంజీవరెడ్డి ముఖ్యమంత్రి కాగా, ఆ మంత్రివర్గములో ఉపముఖ్యమంత్రి పదవియే లేకపోయినది. తొలినాటనే జరిగిన ఈ లోపమును చిన్నదని తలచినవారు అప్పుడు పలువురు. 1969లో అది చిన్నది కాదని తేలినది.

రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టమునకు 1956 ఆగస్టు 31న రాష్ట్రపతి ఆమోదము లభించినది. అందు నిర్ణయింపబడిన దినము నవంబరు 1, గురువారము. దుర్ముఖి నామ సంవత్సర ఆశ్వయుజ బహుళము, దీపావళి దినములు. ఆనాడు రాజ్యాంగపు ఏడవ సవరణ కూడ అమలులోనికి వచ్చి, ఏ, బి, సి తరగతుల రాష్ట్రములను భేదము తొలగి, దేశమంతట 14 రాష్ట్రములు, 6 కేంద్రపాలిత ప్రాంతములు మిగిలినవి. రాజప్రముఖ పదవి అంతరించినది. హైదరాబాదులో ఆ పదవియందుండిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను అధికార రంగమునుండి తప్పుకొనెను. మైసూరులో రాజప్రముఖుడైన జయచామరాజేంద్ర ఒడయారు క్రొత్త రాష్ట్రమునకు గవర్నరయ్యెను. హైదరాబాదులో ఆంధ్రప్రదేశమునకు నెహ్రూ ప్రారంభోత్సవము చేసెను. బెంగుళూరులో మైసూరు రాష్ట్రమునకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు చేసెను. అచ్చట సంజీవరెడ్డి, ఇచ్చట నిజలింగప్ప ముఖ్యమంత్రులు. హైకోర్టు గుంటూరునుండి హైదరాబాదునకు మారి నవంబరు 5న పని ప్రారంభించినది. అప్పటివరకు హైదరాబాదు ముఖ్యమంత్రిగానుండిన బూర్గుల ఆ నెలలోనే కేరళకు గవర్నరుగా వెడలెను. తన పదవిని తానే అంతము చేసికొను ఏకీకరణమునకు సమ్మతించుట రాజకీయములలో తరచుగా కనబడు గుణము కాదు.

లోకపు దృష్టి మాత్రము ఆనాడు ఇటు లేదు. సూయజు కాలువ విషయమై ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ తన తొలి అత్యవసర సమావేశమును అదే నవంబరు 1న ప్రారంభించినది. హంగేరీలో ఇమ్రే నాగి తన దేశము తటస్థమని అదే దినమున చాటెను. కొన్ని దినములలోనే సోవియట్ శకటములు ఆ చాటింపును నలిపివేసినవి. ఐరోపాలో ఎల్లలు టాంకులతో నిర్ణయింపబడుచున్న వారములోనే దక్షిణాపథమున ఎల్లలు తాలూకా పటములతో, జనాభా లెక్కలతో నిర్ణయింపబడినవి.

ఆ ఎల్లల సంగతి కొంత వివరముగా చూడవలసియున్నది. ఏలయన రాష్ట్రావతరణమనగా రాజధానిలో జరిగిన సభ యని మాత్రమే పాఠ్యపుస్తకములు చెప్పును. నిజముగా మార్పు జరిగినది తాలూకా కచేరీలలో. హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలైనది: తెలుగు జిల్లాలు ఆంధ్రకు, మరాఠ్వాడా బొంబాయికి, గుల్బర్గా, రాయచూరు, బీదరు జిల్లాలు మైసూరునకు. కాని జిల్లా గీత, భాష గీత ఒక్కటి కావు. అందుచేత రాయచూరు జిల్లానుండి ఆలంపురము, గద్వాల తాలూకాలను, గుల్బర్గా జిల్లానుండి కొడంగల్, తాండూరు తాలూకాలను, బీదరు జిల్లానుండి నారాయణఖేడ్ తాలూకాను, ఒక సర్కిలు మినహా జహీరాబాదు తాలూకాను, న్యాలకల్ సర్కిలును విడదీసి ఆంధ్రప్రదేశమునకిచ్చిరి. నాందేడు జిల్లానుండి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళును, ముధోలు, భైంసా, కుబీరు సర్కిళ్ళును వచ్చినవి. ఆదిలాబాదు జిల్లానుండి కిన్వట్, రాజూరా తాలూకాలు బొంబాయికి పోయినవి. రెవెన్యూ సర్కిలువరకు దిగి గీత గీయుట ఎంత సూక్ష్మమైన పనియో దీనివలన తెలియును. బాదామి చాళుక్యులు కట్టించిన ఆలంపుర నవబ్రహ్మాలయములు తెలుగు రాష్ట్రమునకు వచ్చినవి. ఆ రాజుల రాజధానియగు బాదామి కన్నడ రాష్ట్రమునకు పోయినది. రాజవంశములకు లేని గీతలు వారి గుళ్ళకు వచ్చినవి.

మైసూరు వైపు చూచినచో బొంబాయి రాష్ట్రమునుండి ధారవాడ, బిజాపురము, ఉత్తర కన్నడము, చందగడ్ తాలూకా మినహా బెళగావి; మద్రాసునుండి కాసరగోడు తప్ప మిగిలిన దక్షిణ కన్నడము, కొళ్ళేగాల తాలూకా; కొడగు రాష్ట్రము మొత్తము వచ్చి కలిసినవి. తిరువాన్కూరు సీమలోని తమిళ తాలూకాలు మద్రాసునకు చేరినవి. హోసూరు తాలూకా మాత్రము సేలము జిల్లాలో, అనగా మద్రాసు రాష్ట్రములోనే, నిలిచిపోయినది. తిరుత్తణి తగవు ఆనాడు తేలక, పటాస్కరు తీర్పుపై 1960 ఏప్రిల్ 1వరకు ఆగినది.

కావున చందాపుర పరిసరములందలి తెలుగువారిలో రెండు తెగలు గలరని గుర్తింపవలెను. ఉద్యోగములకై, కర్మాగారములకై ఇటీవలి దశాబ్దములలో వచ్చినవారొక తెగ. నవంబరు 1 వచ్చినను రాకున్నను ఈ నేలను వీడనివారు వేరొక తెగ. కోలారు, చింతామణి, బాగేపల్లి, ముళబాగిలు, హోసూరు, ఆనేకల్లు ప్రాంతములవారు ఎచ్చటినుండియు వలస రాలేదు. వారి తాతలు తెలుగులో సేద్యము చేసిరి, కన్నడములో కచేరీ అర్జీ వ్రాసికొనిరి. చింతామణి చెంత కైవారములో నారాయణ తాత తెలుగున, కన్నడమున రెంటను కీర్తనలు చెప్పెను. 1956లో గీత తమ పొలముల ప్రక్కగా పోయినదే గాని వారి నాలుకమీదుగా పోలేదు. 2011 జనాభా లెక్కలలో కర్ణాటకమున తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు నూటికి దాదాపు ఆరుగురు. వీరందరిని ప్రవాసులని పిలుచుట సంఘముల సభలలో అలవాటైనది గాని, అది సరియైన మాట కాదు.

నవంబరు 1 ఉత్సవ దినముగానే నిలిచియుండినచో ఈ వ్యాసము ఇంతటితో ముగియవచ్చును. పదేండ్లు గడచిన పిమ్మట, పరాభవ నామ సంవత్సరమున, అదే తేదీ విశాఖపట్టణములో నెత్తుటి మరకతో వచ్చినది. దక్షిణాదికి ఉక్కు కర్మాగారమునకై విశాఖ తగినదని నిపుణుల సంఘము చెప్పియుండియు కేంద్రము జంకుచుండగా, తాడికొండకు చెందిన టి. అమృతరావు 1966 అక్టోబరు 15న విశాఖ కలెక్టరు కచేరీ యెదుట నిరాహార దీక్ష పూనెను. విద్యార్థులు, కార్మికులు వీధులకెక్కిరి. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అను కేక రాష్ట్రమంతట ప్రాకినది. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగి పలువురు మరణించిరి. అందు బాలురును గలరు. ఆ ఉద్యమములో రాష్ట్రమున మొత్తము 32 మంది అసువులు బాసిరని లెక్క. అమృతరావు దీక్ష నవంబరు 3న ముగిసినది. కర్మాగారము మంజూరైనదని ఇందిరాగాంధీ 1970 ఏప్రిల్ 17న ప్రకటించెను. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. శ్రీరాములు మరణించి నాలుగు దినములలో రాష్ట్ర ప్రకటన వచ్చినది. విశాఖ మృతులకు మూడున్నర యేండ్లకు గాని జవాబు రాలేదు. పదవ పుట్టినరోజున తన పౌరులపైననే కాల్పులు చూచిన రాష్ట్రము మరియొకటి లేదేమో. అవతరణ దినోత్సవ ప్రసంగములలో ఈ ముచ్చట చాల అరుదుగా వినబడును, వినబడవలసినది.

అదే 1966 నవంబరు 1న ఉత్తరమున పంజాబు విడిపోయి హర్యానా ఏర్పడినది, చండీగఢ్ కేంద్రపాలితమైనది. 2000 నవంబరు 1న ఛత్తీసుగఢ్ వెలసినది. ఇవి ఈ తేదీ పట్టికలో చేరదగినవే గాని వీని కథలు వేరు.

కన్నడ నేలలో మాత్రము ఈ తేదీని ప్రభుత్వము మరల మరల కోరి యెంచుకొన్నది. మైసూరు అను పేరు పాత సంస్థానమునకు చెల్లునే గాని ధారవాడకు, కలబురగికి, మంగళూరునకు చెల్లదని ఉత్తర కర్ణాటకమువారు చిరకాలము వాదించిరి. దేవరాజ అరసు ముఖ్యమంత్రిగా నుండగా, 1973 నవంబరు 1న కర్ణాటకమను పేరు అమలులోనికి వచ్చినది. లక్కదివి దీవులకు లక్షద్వీపమను పేరు కూడ ఆనాడే వచ్చినదని తెలిసినవారు తక్కువ. తెలుగువారికి ఇట్టి పేరు చిక్కు 1956లోనే యెదురైనది. ముసాయిదాలో ‘ఆంధ్ర-తెలంగాణ’ యని యుండగా చట్టములో ‘ఆంధ్రప్రదేశ్’ అయినది. ఒకరు పేరును విస్తరింపజేసి తగవు తీర్చుకొనిరి. మరియొకరు ఒక పేరును వదలి తగవునకు చోటిచ్చిరి. 2008 అక్టోబరు 31న, అనగా రెండు రాష్ట్రముల పండుగకు ముందటినాడు, తెలుగు, కన్నడములు రెంటికిని కలిపి ప్రాచీన భాషా ప్రతిపత్తిని కేంద్రము ప్రకటించుట కూడ ఈ తేదీ బలిమియే యనవచ్చును.

పండుగ చేసికొననివారిని గూర్చి చెప్పక పోరాదు. బెళగావిలో మహారాష్ట్ర ఏకీకరణ సమితివారు నవంబరు 1ని నల్లదినముగా పాటించుచు వచ్చిరి. తెలంగాణ వాదులలోను ఆ దినమును విద్రోహ దినమని పిలిచినవారు పెక్కుమంది. భాష ఒక్కటైనను కలయిక ఇష్టము లేనిచోటను, భాష వేరై కలయిక బలవంతమని తోచినచోటను, ఆ తేదీకి ఒకే రంగు పులుమబడుట గమనింపదగినది. 1969లో తెలంగాణమున, 1972-73లో ఆంధ్ర ప్రాంతమున చెలరేగిన ఉద్యమములను దాటి, రాష్ట్రము 57 సంవత్సరములు ఏడు మాసములు ఏకముగా నిలిచినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. నాటినుండి అచ్చట అవతరణ దినము జూన్ 2.

మిగిలిన ఆంధ్రప్రదేశమునకు అవతరణ దినమేది? ఇది మాటల తగవు మాత్రము కాదు. 2014 చట్టము ఆంధ్రప్రదేశ్ నుండి తెలంగాణమును విడదీసి క్రొత్త రాష్ట్రముగా చేసినది. ఆంధ్రప్రదేశమును రద్దుచేసి మరల సృష్టింపలేదు. ఆ లెక్కను నవంబరు 1 చెల్లుచునే యున్నది. కాని నవంబరు 1న కలిసిన నేలయే విడిపోయినపుడు ఆ దినమున నేమి జరుపుకొందురని కొందరడిగిరి. నేటి ఎల్లలు ఇంచుమించు 1953 నాటి ఎల్లలే గనుక, శ్రీరాములు త్యాగమునకు నేరుగా ఫలమైన అక్టోబరు 1 తగునని మరికొందరనిరి. చట్టము మాట చూచినచో మొదటివారి పక్షము, భావము మాట చూచినచో చివరివారి పక్షము బలమైనది. ప్రభుత్వము మొదటి యేండ్లలో ఉత్సవము మాని జూన్ 2న నవనిర్మాణ దీక్ష జరిపినది. 2019లో నవంబరు 1 ఉత్సవమును పునరుద్ధరించినది.

2014 నవంబరు 1న కర్ణాటకలో పండ్రెండు నగరముల పేర్లు కన్నడ పలుకుబడికి అనుగుణముగా మారినవి. బెంగళూరు, మైసూరు, మంగళూరు, బెళగావి, కలబురగి, హుబ్బళ్ళి, శివమొగ్గ, తుమకూరు మొదలగువానితో పాటు బళ్ళారియు, హోసపేటయు వానిలో నున్నవి. తెలుగువారు ఇంట ఎప్పుడును బళ్ళారి యనియే పలికిరి గనుక వారికి పలుకు మారలేదు. పలకలపైని ఆంగ్లపు అక్షరములు మారినవి. హోసూరు మార్గమున పోవు బస్సులపై క్రొత్త వ్రాత వచ్చిన ఆ నవంబరు 1, అరువదేండ్లకు దగ్గరగా జరిగిన పిమ్మట ఆంధ్రప్రదేశమున ప్రభుత్వోత్సవము లేని తొలి నవంబరు 1 కూడ నైనది.